ఆ రాయల మెసేజీ మళ్లీ వచ్చింది

సినిమాల్లో శ్రీకృష్ణదేవరాయల పాత్ర గురించిన ఆ మెసేజీ రావటం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా అపార్ట్‌మెంటు గ్రూపులో, తర్వాత కాలేజీ స్నేహితుల గ్రూపులో, నిన్న మా పెద్ద బావగారి నుంచి, ఇవాళ పొద్దున్నే మళ్లీ ఆయన నుంచే. "రాయలంటే ఎన్టీఆర్ ఒక్కరే, మిగతావన్నీ వేషాలే" అని శీర్షిక. కింద అయిదు ‘తిరుగులేని ఆధారాలు’. దాని కింద దండం పెట్టే చేతులు ఒక వరుస. ఎన్టీఆర్ సినిమా వస్తే అన్నం కంచంతో సహా టీవీ ముందుకు చేరే ఇల్లు మాది. అయినా ఇక ఊరుకోలేను.

మొదటిది: తెలుగు తెరమీద రాయలుగా మొట్టమొదట కనిపించింది ఎన్టీఆరేనట. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో రాయలు శ్రీవత్స. ఎన్టీఆర్ అందులో నాగరాజు. రాయలవారి అంతఃపురంలోకి దొంగచాటుగా దూరి పట్టుబడింది ఆయనే.

రెండోది: బాలకృష్ణ వేసిన రాయలు లెక్కలోకి రాదట, వయసు చాలలేదట. 1991లో ‘ఆదిత్య 369’ నాటికి ఆయనకు 31. 1956లో రాయలుగా వేసిన ‘తెనాలి రామకృష్ణ’ నాటికి తండ్రిగారికి 32, 33. వయసే కొలత అయితే, ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్టీఆర్ నోరారా అప్పాజీ అని పిలిచిన తిమ్మరుసు పాత్రధారి గుమ్మడి ఆయనకన్నా నాలుగేళ్లు చిన్నవారు. దానికేం చేద్దాం?

మూడోది చదివి టీ ఒలకబోసుకున్నాను. రాయలు అచ్చం ఎన్టీఆర్‌లాగే ఉండేవారట, ఆధారం మన ట్యాంక్‌బండ్ మీది విగ్రహం! ఆ విగ్రహాలు పెట్టించింది 1980ల్లో. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరో కూడా నేనే చెప్పాలా? పోలిక కావాలంటే తిరుమలలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలు ఉన్నారు. దర్శనం హడావిడిలో అటు ఎవరు చూస్తారు? 1520 ప్రాంతంలో రాయలను కళ్లారా చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ రాసింది ఇది: నడిమి ఎత్తు, తెల్లని ఛాయ, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే పెద్ద గ్లాసుడు నువ్వుల నూనె తాగి, ఒంటికీ అదే నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, తాగిన నూనెంతా చెమటగా కారిపోయేదాకా ఆపేవాడు కాదట. ఆ తర్వాత కుస్తీ, గుర్రపు స్వారీ. ఆ మచ్చలు వేయమంటే మన మేకప్‌మన్‌ను ఏ నిర్మాత బతకనిచ్చేవాడు?

అసలు నన్ను కుర్చీలో కూర్చోనివ్వనిది నాలుగోది. "రాయలు అచ్చ తెలుగు రాజు. కన్నడవాళ్లకు ఆయన పాత్ర వేసే అర్హత లేదు. రాజ్‌కుమార్ వేసింది దొంగతనం." 1970లో బి.ఆర్.పంతులు తీసిన కన్నడ ‘శ్రీకృష్ణదేవరాయ’ గురించి ఈ మాట. ఆ సినిమా ఒక్క రీలైనా చూడనివాళ్లు రాశారని పందెం కాస్తాను. మనం తెల్లవారి లేస్తే వల్లించే "దేశభాషలందుఁ దెలుఁగు లెస్స" ఎక్కడిది? ‘ఆముక్తమాల్యద’లోది. కృష్ణా తీరాన ఉన్న శ్రీకాకుళంలో రాయలకు కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు నోట పలికించిన మాట అది. అదే కలలో ఆ దేవుడే రాయలను ఎలా పిలిచాడో చూడండి: "నేను దెలుంగు రాయఁడం గన్నడరాయ!" దేవుడు తెలుగు రాయడు, ఎదురుగా ఉన్నది కన్నడరాయడు. రాసింది ఎవరో కాదు, రాయలే. వంశం చూస్తే తుళువ, అంటే కర్ణాటక తీరంలోని తుళునాడు మూలం. శాసనాల్లో బిరుదు ‘కన్నడ రాజ్య రమారమణ’. ఆయనకు లేని పట్టింపు మెసేజీ రాసినవాడికి ఎందుకు? రాజ్‌కుమార్ 1954లోనే మన తెలుగు తెరమీద కన్నప్పగా నటిస్తే మనవాళ్లు దొంగతనం అనలేదు, చప్పట్లు కొట్టారు. ఎన్టీఆర్ 1956లోనే తమిళ ‘తెనాలిరామన్’లోనూ రాయలు వేశారు, పక్కన రామన్‌గా శివాజీ గణేశన్. తమిళానికి తెలుగువాడు పనికొచ్చాడు, కన్నడానికి కన్నడిగుడు పనికిరాడా? మా భవనంలోనే మూడో అంతస్తులో బళ్లారివాళ్లున్నారు. ఆ గ్రూపులో వాళ్లూ ఉన్నారని పంపినవాళ్లకు తట్టనే లేదు.

ఇక అయిదోది: ‘మహామంత్రి తిమ్మరుసు’లో చూపించిందంతా చరిత్రేనట. కాదు. తిమ్మరుసు కళ్లు తీయించిన కథ రాసిన మరో పోర్చుగీసువాడు న్యూనిజ్ విజయనగరంలో ఉన్నది రాయలు పోయాక, 1535 తర్వాతి రోజుల్లో. అంటే విన్నమాట. పైగా సినిమా దానికి తన కుట్రను తాను అల్లుకుంది.

అయితే ఆ మెసేజీలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "రాయల కోపం ఎలా ఉంటుందో ఎన్టీఆర్ కళ్లలో చూడాలి" అని ఉంది. నవ్వుదామనుకున్నాను, కుదరలేదు. రాయలు ఎప్పుడూ సరదాగా ఉంటాడనీ, ఉన్నట్టుండి పట్టలేని కోపం తెచ్చుకుంటాడనీ పేస్ రాశాడు. ‘తెనాలి రామకృష్ణ’లో ఆ రాజుకు కవి మాటలకు నవ్వటం, అలగటం తప్ప పెద్ద పని లేదు. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లో మాత్రం అప్పాజీ మీద అనుమానం పడ్డ క్షణం నుంచి ఎన్టీఆర్ ముఖం చూడండి. తప్పు చేస్తున్నానేమోనన్న బెరుకు, రాజునన్న మొండితనం ఒకేసారి కనిపిస్తాయి. బాలకృష్ణ రాయలకు ఆ అవకాశం రాలేదు. అంత హుందాగా ఉండి, ఒక్క చూపులో అంత భయం పుట్టించిన మరో రాయలను నేను చూడలేదు.

బావగారూ, ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా చెరిపేసి పంపండి. నేనే ఇంకో పదిమందికి పంపిస్తాను.