ప్రశ్నించే బెంచీలో ప్రభుత్వం వాళ్లా?

2025 ఏప్రిల్ 1, మంగళవారం ఐర్లాండ్ పార్లమెంటులో స్పీకర్ వెరోనా మర్ఫీ కుర్చీ నిలబడింది, 96 మంది అటు, 71 మంది ఇటు. ప్రతిపక్షం అవిశ్వాసం అంటే ప్రభుత్వం దాన్నే తిప్పి విశ్వాస తీర్మానంగా పెట్టి గెలిచేసింది. నంబర్ చేతిలో ఉన్నోడు గెలుస్తాడు, అందులో వింతేముంది. కానీ ప్రభుత్వానికి మద్దతిచ్చేవాళ్లకి మా ప్రశ్నించే టైమ్ ఇవ్వొద్దని రెండు నెలల నుంచి ప్రతిపక్షం మొత్తుకుంటున్న మాటకి అధికార పక్షం ఇచ్చిన జవాబు ఆ నంబర్ ఒక్కటే, మా ఒళ్లు మండింది అక్కడే.

కథ ఇదీ. 174 సీట్ల డాల్‌లో (అక్కడి దిగువ సభ) అధికార పార్టీలు ఫియానా ఫాల్‌కి 48, ఫినా గేల్‌కి 38, రెండూ కలిపినా మెజారిటీకి రెండు తక్కువ. ఆ లోటు పూడ్చింది మైకేల్ లౌరీ ఉన్న ఇండిపెండెంట్ల గ్రూపు. ఊరికే పూడ్చలేదు లెండి, అందులోంచి షాన్ క్యానీ, నోయెల్ గ్రీలిష్ జూనియర్ మంత్రులయ్యారు, స్పీకరమ్మ కూడా ఆ గూటి నుంచి వచ్చినావిడే. ఇవన్నీ కుదిరాక ఆ గ్రూపులో మిగిలినవాళ్లు, మంత్రి పదవి రాలేదు కాబట్టి మమ్మల్ని ప్రతిపక్షం వాళ్లతో కలిపి లెక్కేసి మాట్లాడే టైమ్ ఇవ్వండి అన్నారు. మగపెళ్లివారి బస్సులో దిగి, ఆడపెళ్లివాళ్లకి మర్యాదలు సరిగ్గా జరగట్లేదని గొడవ పెట్టుకున్నట్టుంది.

దీని మీద గోల జరిగి జనవరి 22న ఫియానా ఫాల్ నేత మీహాల్ మార్టిన్ ప్రధాని అవ్వాల్సింది మర్నాటికి వాయిదా పడింది. అప్పుడైనా ఆగారా అంటే లేదు, రూల్సే మార్చేశారు, మంగళ బుధవారాల్లో 8 నిమిషాల కొత్త స్లాట్ పెట్టి, ప్రభుత్వం వెనక బెంచీల వాళ్లు, ప్రభుత్వానికి మద్దతిచ్చే ఇండిపెండెంట్లు అందులో ప్రశ్నలు అడగొచ్చన్నారు. మార్చి 25న సభ సంతమార్కెట్ అయిపోయింది, ఆ గోలలోనే తీర్మానం పాస్ చేసేశారు, స్పీకర్ మీద అవిశ్వాసం వచ్చింది అందుకే. ఆ రోజే పాల్ మర్ఫీ అనే టీడీ (మన టీడీపీ కాదండోయ్, అక్కడ ఎంపీని టీడీ అంటారు) ఫోన్ తీసి వీడియో తీస్తుంటే లౌరీ అతని వైపు రెండు వేళ్లు చూపించాడు. మన దగ్గరైతే విక్టరీ అనుకుంటాం, ఐర్లాండ్‌లో అది పచ్చి బూతు. తోటి సభ్యుల అభ్యంతరానికి దొరికిన సమాధానం అదన్నమాట.

ప్రతి సభ్యుడికీ నియోజకవర్గం ఉంది, ప్రతి ఒక్కరికీ మాట్లాడే హక్కుండాలి అని ప్రభుత్వం అంటోంది, నిజమే. ప్రతిపక్షం అరుపులూ కేకలూ శ్రుతి మించాయి, అదీ నిజమే. కానీ మాట్లాడే హక్కు వేరు, ప్రశ్నించే టైమ్ వేరు. ప్రధానిని నిలదీయడానికి పెట్టిన టైమ్‌లో ప్రధానిని నిలబెట్టినవాళ్లే లేచి అడిగితే దాన్ని ప్రశ్న అనరు, క్యాచ్ ప్రాక్టీస్ అంటారు.

ఇవాళ 8 నిమిషాలే కదా అంటారేమో. రేపొచ్చే ప్రభుత్వం, అది ఇప్పటి ప్రతిపక్షం షిన్ ఫేన్‌దే అవ్వచ్చు, పద్దెనిమిది చేస్తే ఎవడు అడుగుతాడు? వాళ్లు చేశారు మేం చేశాం అంటారు. ఒకసారి రూల్ బుక్‌లోకి ఎక్కినది దిగదు.

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు, మార్టిన్ గారికే తెలిసిన సంగతి. 2016 నుంచి 2020 దాకా ఆయన పార్టీ ఫినా గేల్ మైనారిటీ సర్కారుకి బయట నుంచి ఊతమిస్తూ, ప్రతిపక్ష నేత కుర్చీలో కూడా ఆయన్నే కూర్చోబెట్టింది. అప్పుడు కనీసం మంత్రి పదవులు తీసుకోలేదు, అది వేరే సంగతి. కానీ అటూ ఇటూ ఉండొచ్చు అన్న రుచి సభకి తగిలింది అప్పుడే, ఇప్పుడు అదే కాస్త ముదిరి పదవులు కూడా పట్టుకుని వచ్చింది. రేపు దీన్ని చూసి ఇంకోటి.

ఆదేశిక సూత్రాలు ఐర్లాండ్ నుంచి తెచ్చుకున్నాం అని స్కూల్ పుస్తకాల్లో చదువుకున్నవాళ్లం మనం, అందుకే ఇంకాస్త బాధ. పైగా మన పిల్లలు అక్కడ చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లి డబ్లిన్‌లో ఒక రూమ్ కోసం నానా తిప్పలు పడుతున్నారు, ఎమర్జెన్సీ షెల్టర్లలో ఉన్నవాళ్లు 15 వేలు దాటారు, ఆ ఓటింగ్ మర్నాడేమో ట్రంప్ టారిఫ్‌లు ప్రకటిస్తాడని ఆ దేశం మందుల ఎగుమతుల గురించి గుండె చేత్తో పట్టుకుని కూర్చుంది. వీటి మీద నిలదీయాల్సిన సభ రెండు నెలలు ఎవరు ఎక్కడ కూర్చోవాలి అని కొట్టుకుంది.

తొమ్మిదేళ్లు ప్రతిపక్ష నేతగా చేసిన మనిషి మీరు, మార్టిన్ గారూ. ఆ బెంచీలో మీరున్నప్పుడు అప్పటి ప్రధాని తన మనుషుల్నే తెచ్చి మీ పక్కన కూర్చోబెట్టి, వీళ్లు కూడా నన్ను ప్రశ్నిస్తారు అంటే ఊరుకునేవాళ్లా?