చేతికి తీసుకుని ఇవ్వడం, ఖాతా నుంచే ఇవ్వడం ఒకటి కాదు
అమెరికాలో విశ్రాంత జీవితం గడుపుతున్నవారు ఐఆర్ఏ (పదవీ విరమణ కోసం దాచుకునే వ్యక్తిగత పొదుపు ఖాతా) డబ్బును ముందు తమ బ్యాంకు ఖాతాలోకి తీసుకుని, తరువాత విరాళంగా ఇచ్చినా పన్ను లెక్కలో తేడా ఉండదని ఇలాంటి విరాళాలపై వ్యాసం రాసినవారు వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. అలా తీసుకున్న మొత్తం ఆదాయంలో కలుస్తుంది. విరాళాలను విడిగా చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే దక్కే స్థిరమైన పన్ను మినహాయింపు) తీసుకునే సామాన్యులకు దానికి ప్రతిగా దక్కే మినహాయింపు ఉండదు, ఉన్నా స్వల్పమే. పైగా ఆదాయం పెరిగితే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను)పై పన్ను, మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం కూడా పెరగవచ్చు. 70 ఏళ్ల 6 నెలలు నిండినవారు ఖాతా నుంచి నేరుగా సంస్థకే పంపితే ఆ మొత్తం (2025లో 1,08,000 డాలర్ల వరకు) అసలు ఆదాయంలోకే రాదు. 73 ఏళ్ల నుంచి ఏటా ఆ ఖాతాలోంచి చట్టప్రకారం తప్పనిసరిగా తీయవలసిన సొమ్ములోనూ జమపడుతుంది. న్యూజెర్సీలో ఉండే మా మామగారు ఆలయ అన్నదానానికి ఏటా ఇలాగే ఇస్తారు. చెక్కు ఆయన ఇంటికే వస్తుంది, కానీ దాని మీద ఉండేది ఆలయం పేరే కనుక నిబంధనకు భంగం లేదు. వ్యాసంలో చెప్పవలసిన జాగ్రత్త మరొకటి ఉంది. సొంతూరి బడికి ఇవ్వాలన్న కోరిక మనవాళ్లలో చాలామందికి ఉంటుంది, అది ఎంతో మంచి కోరిక; అయితే భారతదేశంలోని సంస్థకు నేరుగా పంపితే ఈ వెసులుబాటు వర్తించదు, అమెరికాలో గుర్తింపు పొందిన ధార్మిక సంస్థకే ఇవ్వాలి. ప్రతిఫలంగా విందు టికెట్టు పుచ్చుకున్నా అర్హత పోతుంది.