క్లెమెంటి ఒట్టి యంత్రమా? ఆ పోస్టుకు జవాబు

"ముజియో క్లెమెంటి అంటే మొజార్ట్ చేతిలో చిత్తుగా ఓడిన ఒట్టి యంత్రం. పిల్లల పాఠాలు తప్ప ఏమీ రాయలేదు, వాటిలోనూ మొజార్ట్ ట్యూన్లు కొట్టేశాడు, చివరికి సంగీతం చేతగాక పియానోల కొట్టు పెట్టుకున్నాడు." మొజార్ట్ కాలంలోనే లండన్లో స్థిరపడ్డ ఇటలీ పియానో విద్వాంసుడు, స్వరకర్త క్లెమెంటి మీద ఈ పోస్టు తెగ తిరుగుతోంది కాబట్టి ఒక్కో ముక్కా చూద్దాం.

ముందు ఆ ఓటమి సంగతి. 1781 డిసెంబర్ 24న వియన్నాలో రెండో జోసెఫ్ చక్రవర్తి, రష్యా యువరాజు దంపతుల ముందు వీళ్ళిద్దరినీ పోటీకి దించాడు. తలా కాసేపు సొంతవి వాయించారు, ఆ తర్వాత యువరాణి ఇచ్చిన ఇటలీ స్వరకర్త పైసియెల్లో సొనాటాలు (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలు) అప్పటికప్పుడు చూసి వాయించారు, ఆఖర్న రెండు పియానోల మీద కలిసి వాయించారు. అక్కడ మొజార్ట్‌కు దక్కిన పియానో శ్రుతి తప్పి, మూడు మీటలు ఇరుక్కుపోయి ఉంది పాపం. చక్రవర్తి ఇద్దరూ సమానమేనని సర్దేశాడంటారు. ఆయన మనసు మొజార్ట్ వైపే ఉందన్నా నాకేం పేచీ లేదు, కానీ చిత్తుగా ఓడడం అంటే అది కాదు కదా!

మరి "యంత్రం" అన్నదెవరు? మొజార్టే, 1782 జనవరిలో తండ్రికి రాసిన ఉత్తరంలో. ఒక పోటీదారు తన ఇంట్లోవాళ్ళకి కోపంగా రాసుకున్న మాటను రెండొందల ఏళ్ళుగా తీర్పులా చదువుతున్నాం. క్లెమెంటి మాత్రం అంత చైతన్యంతో, సొగసుతో వాయించినవాణ్ణి అంతకుముందు వినలేదని మొజార్ట్‌ను మెచ్చుకున్నాడు. అప్పట్లో తన ధ్యాసంతా వేళ్ళ వేగం మీదే ఉండేదని, గాయకులను విన్నాక, ఇంగ్లిష్ పియానోలు మెరుగయ్యాక పాడినట్టు వాయించడం అలవడిందని తర్వాత శిష్యుడు బెర్గర్‌తో తనే చెప్పాడు.

ట్యూన్ కాపీ అంటారా, కథ తలకిందులు. ఆ పోటీలో క్లెమెంటి వాయించిన బి ఫ్లాట్ సొనాటా మొదటి స్వరాలే పదేళ్ళ తర్వాత, 1791లో, మొజార్ట్ సంగీత నాటకం 'మ్యాజిక్ ఫ్లూట్' ఆరంభ సంగీతమైన ఓవర్చర్‌లో వినిపిస్తాయి. కావాలని తీసుకున్నాడో లేదో గానీ, ముందు ఎవరిదో తేదీలే చెబుతున్నాయి. తర్వాతి ముద్రణలో క్లెమెంటి ఆ సంగతి ఒక చిన్న గమనికగా వేయించాడు కూడా.

పిల్లల పాఠాలంటే 1797 నాటి ఆరు సొనాటినాలు (చిన్న సొనాటాలు), సంగీతం గ్రేడ్ పరీక్షలకు వాయించేవి. వాటితోనే ఆపేస్తే ఎలా? ఎఫ్ షార్ప్ మైనర్ సొనాటాలో నెమ్మదిగా సాగే భాగం ఒక్కసారి వినండి, యంత్రం అనే మాట నోట రాదు. బీథోవెన్ ఈయన సొనాటాలను ఎంతో ఇష్టపడ్డాడు, ఇరవయ్యో శతాబ్దపు పియానో దిగ్గజం హొరోవిట్జ్ కొన్నింటిని 1954లో రికార్డు చేశాడు. ఈయన పియానో సాధన గ్రంథం 'గ్రాడుస్ అడ్ పర్నాస్సుమ్'లోని వంద ముక్కలూ వేళ్ళ కసరత్తులే అనుకుంటే పొరపాటు, వాటిలో ఒకే స్వరవరసను ఒకదాని వెంట ఒకటిగా అందుకునే ఫ్యూగులు, కేనన్‌లు కూడా ఉన్నాయి.

ఇక వ్యాపారం. అవును, పియానోలు తయారు చేయించాడు, సంగీత రచనల స్వరలిపి అచ్చు వేసి అమ్మాడు. 1807లో వియన్నా వెళ్ళి బీథోవెన్‌తో ఆయన రచనలు అచ్చు వేసుకోవడానికి రెండొందల పౌండ్లకు ఒప్పందం కుదుర్చుకున్నది కూడా ఈ వ్యాపారే. నాలుగో సింఫనీ, నాలుగో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం ముందుండే రచన), రజుమోవ్‌స్కీ క్వార్టెట్లు (నాలుగు తీగ వాద్యాల రచనలు), వయొలిన్ కన్సర్టో అన్నీ అందులోవే. ఆ వయొలిన్ కన్సర్టోను పియానోకు మార్చి ఇమ్మని అడిగిందీ ఈయనే. పిసినారి అనండి, ఒప్పుకుంటాను: శిష్యుడు జాన్ ఫీల్డ్‌ను కొనేవాళ్ళకు పియానోలు వాయించి చూపే పనికి వాడుకున్నాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గురుశిష్యులిద్దరూ తమ బట్టలు తామే ఉతుక్కుంటుంటే చూశానని జర్మన్ వయొలిన్ విద్వాంసుడు స్పోర్ రాశాడు. ఆ ఫీల్డే, రాత్రి వేళ భావాన్ని పలికించే పియానో రచన అయిన నాక్టర్న్‌కు ఆద్యుడు. పోలండ్ స్వరకర్త షోపాన్ నాక్టర్న్‌లు రాసింది అతని దారిలోనే, తన శిష్యులకు సాధన చేయించింది క్లెమెంటి 'గ్రాడుస్'తోనే.