తెల్లారితే పొగే

తెల్లవారుజామున నాలుగున్నరకే కిటికీ సందుల్లోంచి పొగ. చలికాలం వస్తే చాలు, తిరుపతిలో మా వెనక వీధి లాడ్జిలో ఉడుకునీళ్ల బాయిలర్ రాజేస్తారు, కట్టెలు పచ్చివి కాబట్టి అంటుకోవడానికి పాత టైరు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కూడా అందులోకే. చలికి ఆ పొగ పైకి లేవదు, వీధిలోనే తిష్ఠ వేస్తుంది. రాత్రి ఆరేసిన అమ్మ తెల్లచీర మీద నల్లటి నుసి, దులిపితే చారలు పడతాయి. చీర పోతే పోనీ, ఆమె ఆయాసం సంగతేంటి? రోజూ నెబులైజర్ పెట్టుకుని కూర్చోవాలా?

అడిగితే "అందరూ కాలుస్తున్నారు కదన్నా" అంటారు. ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మంటారు. వాయు కాలుష్య చట్టం వచ్చింది 1981లో! పీఎం 2.5, అంటే గాల్లోని అతి సన్నటి ధూళి రేణువులు, రోజు సగటున ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రమాణమూ ఉంది. మరి ఆ పొగగొట్టం దగ్గర కొలిచేదెవరు? అమెరికాలో 2020 నుంచి కొత్తగా అమ్మే కట్టెల హీటర్ పరీక్షలో, పరీక్ష పద్ధతిని బట్టి, గంటకి రెండు లేదా రెండున్నర గ్రాములకి మించి రేణువులు వదలకూడదు. ఇక్కడ బాయిలర్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లని అడుగుతారే గానీ, ఎంత పొగ అని ఎవరడిగారు?

ఇంత ఎండ కాసే ఊర్లో సోలార్ పెట్టించలేరా? కనీసం ఆ టైర్లన్నా ఆపండి సామీ!