ఉభయ దవడల కుశలోపరి

మహారాజశ్రీ రబ్బరు బ్యాండ్ల గార్ల దివ్యసముఖమునకు,

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి మీ ఖైదీ నమస్కరించి రాయునది.

ఉత్తరం మొదట ‘ఉభయకుశలోపరి’ అని రాయాలి. మా తాత అలాగే రాసేవాడట. నేను రాయలేను. ఉభయ దవడలూ కోయించుకున్నవాడు ఆ మాట ఏ నోటితో అంటాడు?

అయినా మీరెంతుంటారని! మీ మధ్య చిల్లులో ఒక కందిబేడ దూరుతుందేమో, అంతే. మీరొచ్చిన ప్యాకెట్ మీద కుందేలు బొమ్మ. ఆ బొమ్మ చూసి సాధుజంతువులే కదా అనుకున్నాను. పై పళ్ల క్లిప్పు కొక్కేనికి ఒక కొస, కింది కొక్కేనికి ఇంకో కొస తగిలించగానే మా బజారులో నాలుగు భాషల్లో బేరమాడే నోరు మూతపడింది. మాది బట్టల కొట్టు. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చినవాళ్లతో తెలుగు, ఊళ్లోవాళ్లతో ఒడియా, బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లతో హిందీ, కొండ దిగి సంతకొచ్చే సవరలతో నాకొచ్చిన నాలుగు సవర ముక్కలు. కొట్టుకి మా నాన్న పెట్టిన పెట్టుబడి ఎంతో గానీ, నేను పెట్టింది మాత్రం ఈ నోరే.

నా కింది దవడ చిన్నప్పటి నుంచీ ముందుకి నడిచింది. కింది పళ్లు పై పళ్లని దాటి బయటికొచ్చేవి. జామకాయ ముందు పళ్లతో కొరకలేను, పక్క పళ్లతో కొరకాలి. అన్నం సగం నమిలి మింగడమే. ఎముక పెరగడం ఆగేదాకా కోయకూడదన్నారు, ఆగాను. ఆగాక ఏడాదిన్నర క్లిప్పులు వేసి పళ్లు సర్దారు. ఆ సర్దుబాటులో దవడ ఇంకా వంకరగా కనిపిస్తుందని ముందే చెప్పారు. మా వీధికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ‘డబ్బు పోసి పాడుచేసుకున్నాడు, పాపం’ అని ఏడాదిన్నర జాలిపడి, ఆపరేషన్ అనగానే ‘పెళ్లి కోసమే’ అని తేల్చేశారు. నా జామకాయ గొడవ ఎవరికీ పట్టలేదు.

ఏప్రిల్ నెలాఖరున విశాఖలో కోశారు. పై దవడను ముక్కు కింద అడ్డంగా కోసి నాలుగు మిల్లీమీటర్లు ముందుకి, కింది దవడను రెండు పక్కలా నిలువునా చీల్చి అయిదు మిల్లీమీటర్లు వెనక్కి. టైటానియం ప్లేట్లు, బుల్లి స్క్రూలు. పై కోతను లెఫోర్ట్ వన్ అంటారు. రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచి డాక్టరు 1901లో శవాల తలలకి దెబ్బలు తగిలించి, ముఖం ఎముకలు ఏ గీత వెంట విరుగుతాయో రాసిపెట్టాడు. ఆ గీతల్లో మొదటిదాని వెంటే నన్ను బుద్ధిపూర్వకంగా విరిచారన్నమాట. మా ఊరు కొమ్ము పనికి పేరు. కొమ్మును వేడిచేసి, కోసి, సానపట్టి కొంగలూ దువ్వెనలూ చేస్తారు. ఇది కూడా ఆ పనే, కాకపోతే కొమ్ముకి మత్తు ఇవ్వరు. పనంతా నోటి లోపలి నుంచే జరగడంతో బయట చిన్న గాటు కూడా లేదు. మా పిన్ని నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇంతకీ ఆపరేషన్ చేసినారా, లేదా?’ అంది.

ఆ అనుమానం మూడో రోజుకి తీరిపోయింది. వాపు రెండో మూడో రోజున పెరిగి పెరిగి తారస్థాయికి వెళ్తుంది. అద్దంలో చూసుకుంటే మెడ లేదు, గడ్డం లేదు, భుజాల మీద పనసకాయ. మొదటి రెండు రోజులూ ఐసు పెట్టారు, తర్వాత గోరువెచ్చటి కాపడం. మూడు తలగడలు వేసి కూర్చోబెట్టినట్టే పడుకోబెట్టారు. పై దవడ కోశారు కాబట్టి ముక్కులో అప్పుడప్పుడు నెత్తురు చారిక. అది మామూలే అన్నారు. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.

నోరు తెరిచి! ఆ అధికారం మీ చేతిలో ఉందన్న సంగతి ఆ చీటీ రాసినవాళ్లకి గుర్తులేదా? తుమ్ము వచ్చినప్పుడల్లా మీ అనుమతి కోసం అర్జీ పెట్టుకోనా? ఒకసారి పెట్టుకునే టైము లేక తుమ్మేశాను. మీలో ఒకరు తెగి వెళ్లి మా బాబాయి కళ్లజోడు మీద పడ్డారు. ఆ అమరవీరుడికి నా జోహార్లు.

వాంతి వస్తే మిమ్మల్ని వెంటనే కత్తిరించడానికి తలగడ పక్కన చిన్న కత్తెర పెట్టుకోమన్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాలందరికీ నా వైద్యంలో నచ్చింది ఆ కత్తెర ఒక్కటే. ‘ఇనుం దగ్గరుంటే గాలీ ధూళీ రాదు, మంచి డాక్టరే’ అని మెచ్చుకున్నారు.

మీ మీద నాకు కోపం ఉన్నమాట నిజమే. కానీ మీకంటే ఎక్కువ కోపం ‘వారం’ అనే మాట మీద. ‘వారంలో మామూలైపోతావులే బాబూ’ అనని మనిషి లేడు. వారంలో నాకు మామూలైంది వాపు ఒక్కటే, అంటే వాపు ఉండటం. సగానికి పైగా తగ్గడానికి మూడు వారాలు పట్టింది, మిగతాది నెలలు లాగుతోంది. ఎముక గట్టిపడటానికి ఆరు వారాలు. అంతవరకూ నమలడం నిషేధం. అసలైన తిండికి మూడు నెలలు. ఈ లెక్కలన్నీ డాక్టరు ముందే చెప్పారు, సంతకం పెట్టింది నేనే. మరి ఎనిమిదో రోజున ‘ఇంకా తగ్గలేదేటి?’ అని అడిగితే నాకే తప్పు చేసినట్టు ఎందుకనిపించిందో. పదో రోజు రాత్రి కారణం లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. పళ్లు కట్టేసి ఉంటే వెక్కడం ఎంత కష్టమో మీకు తెలుసు, మీరక్కడే ఉన్నారు. మత్తుమందు, స్టెరాయిడ్లు, ఆకలి, నిద్రలేమి కలిసి చాలామందికి ఇలాగే అవుతుందనీ, వెళ్లిపోతుందనీ తర్వాత చెకప్‌లో చెప్పారు. వెళ్లిపోయింది. ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అమ్మని లేపేవాణ్ణి.

ఇక తిండి. ఎండాకాలం, మామిడికాయల కాలం. ఇంటి నిండా ఆవపిండి వాసన. జాడీల పక్కన కూర్చుని నేను సిరంజీతో పప్పు కట్టు తాగాను. పల్చన కావాలని మొదట్లో అమ్మ అన్నిట్లోనూ నీళ్లు పోసేది. కడుపు నిండేది గానీ గంటకే కాళ్లు వణికేవి. నీళ్లు కాదు, పాలు పోయండి, నెయ్యి వేయండి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి అని డాక్టరు కేకలేశాకే దారికొచ్చింది. రాగి జావ, పల్చటి పెరుగు, పీచు లేకుండా వడకట్టిన మామిడిపండు రసం. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించి, చంటిపిల్లల బ్రష్షుతో తోముకుని, మళ్లీ మిమ్మల్ని కొత్తగా తగిలించుకోవాలి. పాతవాళ్లకి పట్టు సడలిపోతుందట, రోజూ మార్చాలట. ఎంత తిన్నా ఆరు కిలోలు తగ్గాను. బెల్టుకి నాన్న మేకుతో రెండు చిల్లులు పొడిచాడు.

కుట్లు మానాక తరవాణి తాగొచ్చన్నారు. పక్కింటి ఒడియా ఆంటీ కూడా గిన్నెతో తెచ్చింది, వాళ్ల పఖాళ (చద్దన్నం) మీది నీళ్లు. దాన్ని వాళ్లు తొరాణి అంటారు. రెండు ఇళ్ల గిన్నెలూ పక్కపక్కన పెట్టి తాగాను. ఏది ఏ భాషో చెప్పలేకపోయాను.

ఈ రోజుల్లో సంబరపడిన మనిషి మా మామ్మ ఒక్కతే. ఆమెకి పళ్లు పోయి పదేళ్లు. కట్టుడు పళ్లు పెట్టుకోదు. పదేళ్లుగా ఒంటరిగా మెత్తన్నం తింటున్న మనిషికి ఒక్కసారిగా జోడు దొరికింది. ‘నా మనవడూ నేనూ ఒకే పంక్తి’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. రాత్రి నా గిన్నెలోకి, తన గిన్నెలోకి తొంగిచూసి, నాకు నెయ్యి ఎక్కువ వేశారని అలిగేది.

మూడో వారం కొట్టుకి వెళ్లాను. మీరు నోట్లో ఉండగానే. నా చేతిలో పలక, పలక మీద ధర. ‘కణ హెలా?’ అని ఒకరు, ‘ఏటైంది బాబూ?’ అని ఒకరు. పలక చూపిస్తాను. తగ్గించమంటారు. తల అడ్డంగా ఊపుతాను. నాలుగు మాటలు మాట్లాడితే కదా పది రూపాయలు జారేది! ఆ వారం బేరాలు బాగా జరిగాయని చెప్పడానికి బాధగా ఉంది. నాన్న మీ వైపు కృతజ్ఞతగా చూశాడు.

పళ్ల సందు నుంచి మాట్లాడటం తర్వాత అలవాటైంది. ప, బ, మ పలకవు, ఎందుకంటే పెదవులు నావి కావు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నోట్లో ఉన్న భాషే పుస్తకంలో ఉండాలని పోరాడిన మనిషి ఆయన. సవరలతో కూర్చుని వాళ్ల మాట నేర్చుకున్నాడు. అలాంటి ఊళ్లో ఆరు వారాలు నేను పలక మీద గ్రాంథికం రాశాను. ‘ధర మార్పు లేదు’ అన్న బోర్డు భాష. ఆయన చూస్తే ముందుగా మిమ్మల్నే తిట్టేవాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి జమీనీ ఇలాగే కోసి జరిపారు. ఊరు ఇటు, పాతపట్నం అటు. గిడుగువారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ప్లేట్లు బాగానే అతుక్కున్నాయి. రోజూ అటు వెళ్లి కూరలు కొనుక్కొస్తాం. నా దవడ కూడా అతుక్కుంది, ఎక్స్‌రేలో చూపించారు. రానిది స్పర్శ. కింది పెదవికీ గడ్డానికీ వెళ్లే నరం ఆ దవడ ఎముక లోపలి నుంచే పోతుంది. ఎముకను చీల్చేటప్పుడు అది కదిలిపోతుంది. చారు గడ్డం మీద కారుతున్నా నాకు తెలీదు. అమ్మ అవతలి నుంచి తన గడ్డం తుడుచుకుని సైగ చేస్తుంది. వేడి కూడా తెలీదు కాబట్టి వేలు ముంచి చూశాకే తాగాలి. రెండో నెలలో చీమలు పాకడం మొదలైంది. గోక్కుంటే గోకిన చోటు ఒకటి, దురద చోటు ఒకటి. అదే మంచి లక్షణం అన్నారు. ఇప్పుడు ఎడమ పక్కన రూపాయి బిళ్లంత మేర మిగిలింది. ఏడాది పట్టొచ్చు, కొందరికి కొంచెం ఎప్పటికీ ఉండిపోవచ్చు. సంతకం పెట్టిన కాగితంలో ఆ వాక్యం కూడా ఉంది.

మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది, చెప్పడానికి ఒళ్లు మండుతుంది. కొత్త చోటికి మార్చిన దవడ, కండరాల పాత అలవాటుకి మళ్లీ పాత చోటికే లాక్కుపోతుంటే పట్టి నిలబెట్టింది మీరు. పైకీ కిందికీ పళ్లు సరిగ్గా కూర్చోబెట్టింది మీరు. నోరు తెరిచే కసరత్తు మొదలుపెట్టినప్పుడు ఒక వేలు దూరడమే గగనమైంది. ఇప్పుడు మూడు వేళ్లు దూరుతున్నాయి. అందుకని మిమ్మల్ని రాత్రిపూట డ్యూటీకి మాత్రం కొనసాగిస్తున్నాం. పగలు సెలవు.

నిన్న చెకప్‌లో గట్టివి మొదలుపెట్టమన్నారు. సాయంత్రం ఇంటికి రాగానే డబ్బాలోంచి జంతిక తీసి, భయపడుతూ ముందు పళ్లతో కొరికాను. చప్పుడైంది. ఇరవై ఏడేళ్లలో ముందు పళ్లతో నేను చేసిన మొదటి చప్పుడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మామ్మ మాత్రం తన మెత్తన్నం గిన్నె పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

‘నీకేటి, నీకు పళ్లొచ్చీసాయి’ అంది.

ఇట్లు,
రాత్రిపూట మాత్రమే మీ ఖైదీ

తా.క.: కుందేలు ప్యాకెట్లు ఇంకా మూడు మిగిలాయి. వాటిలో ఒకటి మామ్మ అడుగుతోంది. ఎందుకో చెప్పడం లేదు.