ఆమె పాఠం చెప్పిన తీరు

వృక్షశాస్త్ర ఆచార్యురాలిగా పదవీ విరమణ చేసి ఇటీవల కన్నుమూసిన తన అమ్మమ్మను గురించి మనవరాలు రాసిన నివాళి చదివాక, హైదరాబాదులోని కోఠి మహిళా కళాశాలలో ఆమె వద్ద చదువుకున్న నాకు ఆమె బోధన గురించి కూడా నాలుగు మాటలు చేర్చాలనిపించింది. 1924లో మొదలైన ఆ కళాశాల మా రోజుల్లో పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో నడిచేది. కణ విభజన పాఠాన్ని మేడమ్ గారు పుస్తకంతో సరిపెట్టేవారు కారు. నీటిపై వేళ్లు తొడిగిన ఉల్లిగడ్డను తెప్పించి, ఆ వేళ్ల కొనలను కత్తిరించి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కొద్దిగా వేడిచేసి, గాజుపలకపై మెత్తగా అదిమించి, సూక్ష్మదర్శిని కింద ఉల్లి కణంలోని 16 క్రోమోజోములు లెక్కకు వచ్చేదాకా మమ్మల్ని బల్ల దగ్గర నుంచి కదలనిచ్చేవారు కారు. కంటికి కనిపించనిదాన్ని గీస్తే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా మార్కులు పడేవి కావు. ఆ నిక్కచ్చితనమే ఆమె మాకిచ్చిన అసలైన చదువని నా నమ్మకం. పూజకు కోసిన మందారాన్ని నిలువునా చీల్చి, పువ్వు నడిమి కాడ అయిన కీలం చుట్టూ గొట్టంలా కలిసిపోయిన కేసరాలను మనవరాలికి చూపించారని ఆ నివాళిలో చదివి ఎంతో సంతోషించాను. ఆమె సేకరించి, ఎండబెట్టి, కాగితాలపై అతికించిన మొక్కల నమూనాలు ఇంట్లో ఉంటే, వాటిని ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికి అందజేయవలసిందిగా కుటుంబ సభ్యులను కోరుతున్నాను. సేకరించిన చోటు, తేదీ రాసి ఉన్న ఒక్కొక్క కాగితమూ, ఇళ్లు లేవకముందు ఈ నగరంలో ఏ మొక్క ఎక్కడ పెరిగేదో పరిశోధకులకు తెలియజేస్తుంది.