పొరుగువాడి సుంకమే దుబాయ్ పునాది

దుబాయ్ పేరు చెప్పగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట చమురు. ఇసుకలో నూనె పడింది, డబ్బు పొంగింది, ఆ డబ్బుతో మేడలు లేచాయన్న కథ చదువుకున్నవారికీ చదువుకోనివారికీ ఒకేలా కంఠతా వచ్చు. ఈమధ్య దానికి పోటీగా మరో కథ ప్రచారంలోకి వచ్చింది. దూరదృష్టి ఉన్న పాలకుడొకడు ఎడారిలో నిలబడి నగరాన్ని కలగన్నాడనీ, ఆ కలే కాంక్రీటుగా మారిందనీ ఈ కథ సారాంశం. మన మంత్రులు అక్కడికి వెళ్లివచ్చిన ప్రతిసారీ ఈ రెండో కథకు పత్రికల్లో కొంత చోటు పెరుగుతుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ, రేవు చరిత్రను వరుసగా చూస్తే వీటికన్నా పాతదీ, వీటికన్నా మొరటుదీ అయిన కారణం ఒకటి కనిపిస్తుంది. చుట్టుపక్కల ఏ ప్రభుత్వం వ్యాపారి మెడ మీద కత్తి పెట్టినా, ఆ వ్యాపారికి చాప పరిచి కూర్చోబెట్టడమే దుబాయ్ నూరేళ్లుగా చేస్తున్న వ్యాపారం.

చమురు కథను పడగొట్టడానికి తేదీలు చాలు. 1833లో అబూధాబీ నుంచి విడిపోయి వచ్చిన బనీ యాస్ తెగవారు సుమారు 800 మంది క్రీక్ అనే ఉప్పునీటి పాయ ఒడ్డున స్థిరపడ్డారు. ముత్యాల వేట, చేపల వేట, కాస్త సరుకు రవాణా తప్ప అక్కడ వేరే బతుకుతెరువు లేదు. ఫతే క్షేత్రంలో చమురు బయటపడింది 1966లో, మొదటి ఎగుమతి జరిగింది 1969లో. అప్పటికే క్రీక్ పూడిక తీశారు, 1960లో విమానాశ్రయం తెరిచారు, 1963లో మక్తూమ్ వంతెన కట్టారు. 1991 ప్రాంతంలో రోజుకు నాలుగు లక్షల పీపాలు దాటిన ఉత్పత్తి ఆ తర్వాత పడిపోతూ వచ్చింది. నేడు ఆ ఎమిరేట్ స్థూల ఉత్పత్తిలో చమురు వాటా రెండు శాతం కూడా లేదు.

అసలు కథ దుబాయ్‌లో కాదు, గల్ఫ్‌కు అవతలి ఒడ్డున, పర్షియా తీరంలోని లింగే రేవులో మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అటు ముత్యాలకూ ఇటు బొంబాయి నుంచి వచ్చే బియ్యానికీ బట్టలకూ ఆ ప్రాంతంలో పెద్ద అంగడి లింగేయే. అరబ్బు ఖవాసిమ్ వంశీయులు పర్షియా పేరు మీద దాన్ని ఏలుతున్నంతకాలం వ్యాపారులకు చూసీచూడనట్లు సాగిపోయింది. 1887లో పర్షియా ప్రభుత్వం ఆ రేవును నేరుగా తన చేతిలోకి తీసుకుంది. ఖజానా ఎండిపోయి, అప్పులు మీదపడిన ఆ ప్రభుత్వం 1900 తర్వాత బెల్జియం నుంచి తెచ్చుకున్న అధికారుల చేతికి కస్టమ్స్ అప్పగించింది. వారు తమ పనిని చాలా నిజాయితీగా చేశారు, అక్కడే వచ్చింది చిక్కు. తరతరాలుగా నోటిమాట మీద, లంచాల మీద, మొహమాటాల మీద నడిచిన రేవులో ప్రతి మూటకూ లెక్క పడింది, ప్రతి లెక్కకూ సుంకం పడింది.

అదే సమయంలో ఇవతలి ఒడ్డున షేక్ మక్తూమ్ బిన్ హషర్ ఉన్నాడు. ఆయన 1894లో అధికారానికి వచ్చి 1906లో కన్నుమూశాడు. నేటి ఆకాశహర్మ్యాల ప్రచారంలో ఆయన పేరు పెద్దగా వినిపించదు గానీ, నన్నడిగితే దుబాయ్‌కి నిజమైన శంకుస్థాపన చేసినవాడు ఆయనే. లింగే వ్యాపారుల ఇబ్బంది చూసి ఆయన తన రేవులో ఉన్న ఐదు శాతం సుంకాన్ని ఎత్తివేశాడు, ఇళ్లు కట్టుకోవడానికి క్రీక్ పక్కనే స్థలాలిచ్చాడు, రక్షణకు తనది పూచీ అన్నాడు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు 1904 నాటికి దుబాయ్‌లో క్రమంగా ఆగడం మొదలుపెట్టాయి. ఆ కాలపు బ్రిటిష్ అధికారుల లెక్కల్లో క్రీక్ ఒడ్డునున్న దేరా పేట బజారులో సుమారు 350 దుకాణాలున్నట్లు నమోదైంది. పట్టుమని పదివేల జనాభా ఉన్న ఊరికి అన్ని దుకాణాలు ఎందుకంటే, ఆ దుకాణాలు ఆ ఊరికోసం కావు. సరుకు అక్కడ దిగి, చేతులు మారి, మళ్లీ పడవెక్కి ఇంకో తీరానికి పోయేది.

పర్షియాలోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చినవారి పేరు మీదే బస్తకియా పేట వెలసింది. వారు వచ్చింది కొద్దికాలం ఉండి పోదామనే. అక్కడ సుంకాలు తగ్గితే తిరిగి వెళ్లిపోవాలన్నది వారి ఆలోచన. సుంకాలు తగ్గలేదు. ఒకరి వెనుక ఒకరుగా పెళ్లాంపిల్లల్ని తెచ్చుకున్నారు, పగడపు రాయితో గోడలు లేపారు, ఇంటి కప్పు మీద నాలుగు వైపులా తెరిచిన గాలి బురుజులు కట్టారు. ఇప్పుడు అల్ ఫహీదీ పేరుతో పర్యాటకులు ఫొటోలు దిగుతున్న ఆ బురుజులను దుబాయ్ సంప్రదాయ వాస్తుకళ అని గైడు చెబుతాడు. అవి పన్ను తప్పించుకుని పారిపోయి వచ్చినవారి ఇళ్లు అని ఏ గైడూ చెప్పగా నేను వినలేదు.

ముత్యాల వ్యాపారం 1929 ఆర్థిక మాంద్యంతో, జపాన్ పెంపకపు ముత్యాలతో కుప్పకూలింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆకలి కాలం. అందులోంచి దుబాయ్ లేచిన తీరు కూడా పై కథకు కొనసాగింపే. అప్పట్లో ఆ తీరంలో పెద్దపీట షార్జాది. బ్రిటిష్ వారి విమాన స్థావరం 1932 నుంచి అక్కడే ఉంది, వారి ప్రతినిధి కూడా అక్కడే ఉండేవాడు. అయితే రెండు ఊళ్ల క్రీక్‌లూ ఇసుకతో పూడిపోతున్నాయి. దుబాయ్‌లో షేక్ రషీద్ బిన్ సయీద్ 1958లో పూర్తి అధికారం చేపట్టకముందు నుంచే హాల్‌క్రో అనే బ్రిటిష్ ఇంజనీరింగ్ సంస్థ చేత అంచనాలు వేయించాడు. చేతిలో డబ్బు లేదు. కువైట్ పాలకుడి దగ్గర అప్పు తెచ్చాడు, క్రీక్ బాండ్ల పేరుతో ఊరి వ్యాపారుల దగ్గరా వసూలు చేశాడు, తవ్విన ఇసుకతో గట్టు పక్కన పూడ్చిన నేలను అమ్మి బాకీ తీర్చాడు. షార్జా తన క్రీక్‌ను అలాగే వదిలేసింది, అది మూసుకుపోయింది, అక్కడి వ్యాపారం పది మైళ్లు జరిగి దుబాయ్ చేరింది. చమురు కనపడటానికి అయిదారేళ్ల ముందే ఈ పోటీ ముగిసిపోయింది.

ఇక మన తప్పు దగ్గరకు వద్దాం. 1960 దశకంలో దుబాయ్‌ని పోషించిన దేశాల్లో భారతదేశం ముందుంటుంది, కాకపోతే మనం తెలిసి చేసిన సాయం కాదది. అప్పుడు అక్కడ చెల్లుబాటయ్యేది మన రూపాయే. ఆ రూపాయలతో బంగారం కొని మన తీరానికే దొంగచాటుగా చేరవేస్తున్నారని గుర్తించి, 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరే రంగుల్లో ప్రత్యేక రూపాయి నోట్లు అచ్చు వేసింది. వ్యాపారం ఆగలేదు. 1963లో మొరార్జీ దేశాయ్ తెచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించి కొత్త నగ చేయరాదన్నాయి. మన ఊళ్లలో స్వర్ణకారుల కుటుంబాలు కుంపటి ఆర్పుకుని వీధినపడ్డాయి, దుబాయ్‌లో బంగారు వ్యాపారుల ఇళ్లలో మాత్రం పండుగైంది. లండన్ నుంచి చట్టబద్ధంగా దిగిన పది తులాల బిస్కెట్లు, ఒక్కోటి 116 గ్రాములకు పైబడి తూగేవి, అరలు కుట్టిన గుడ్డ చొక్కాల్లో సర్దుకుని నావల్లో బొంబాయి తీరానికి బయలుదేరేవి. దుబాయ్ చట్టం దృష్టిలో అది ఎగుమతి, మన చట్టం దృష్టిలో నేరం. పెళ్లికి బంగారం లేకుండా గడవని దేశంలో బంగారాన్ని నిషేధిస్తే లాభం ఎవరికి పోతుందో ఢిల్లీకి తెలియకపోయినా దేరా వ్యాపారికి బాగా తెలుసు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించగానే గల్ఫ్ రాజ్యాలు మన నోటునే వదిలించుకున్నాయి.

తర్వాతి ఘట్టాలు పాఠకులకు తెలిసినవే. 1972లో పోర్ట్ రషీద్, 1979లో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన జెబెల్ అలీ రేవు, 1985లో నూరు శాతం విదేశీ యాజమాన్యాన్ని అనుమతిస్తూ దాని పక్కనే ఫ్రీ జోన్, అదే ఏడాది అద్దె విమానాలతో ఎమిరేట్స్. ఇరాన్ విప్లవం, ఇరాన్ ఇరాక్ యుద్ధం, అమెరికా ఆంక్షలు ఒక్కొక్కటీ అవతలి ఒడ్డు నుంచి ఇంకో విడత డబ్బునూ మనుషులనూ ఇటు తోశాయి. 1968లో సుమారు 59 వేలున్న జనాభా ఇప్పుడు 36 లక్షలు దాటింది, జెబెల్ అలీ 2024లో కోటీ 55 లక్షల కంటైనర్ యూనిట్లను దాటించింది. ఇందులో నాకు ముచ్చటగొలిపేది ఒకటుంది. 1904లో దుబాయ్‌కి మర్యాద తెచ్చిన ఆ స్టీమర్ల కంపెనీ 1914లో పి అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల సంస్థలో కలిసింది, 2006లో ఆ పి అండ్ ఓనే దుబాయ్ ప్రభుత్వ సంస్థ డీపీ వరల్డ్ 390 కోట్ల పౌండ్లకు కొనేసింది.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. బ్రిటిష్ రక్షణ లేకుంటే ఆ చిన్న రేవు నిలిచేది కాదనీ, 2009లో దుబాయ్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ దుబాయ్ వరల్డ్ అప్పులు కట్టలేనని చేతులెత్తేసినప్పుడు ఆదుకున్నది అబూధాబీ చమురు డబ్బేననీ కొందరంటారు. నిజమే, బుర్జ్ దుబాయ్ రాత్రికి రాత్రి బుర్జ్ ఖలీఫా అయింది ఆ కృతజ్ఞతతోనే. కానీ బ్రిటిష్ రక్షణ షార్జాకూ ఉంది, చమురు డబ్బు దుబాయ్ కంటే ఎక్కువగా గల్ఫ్‌లో మరో నాలుగు చోట్ల ఉంది. వాటిలో ఏదీ దుబాయ్ కాలేదు. నాకు బలంగా తోచే అభ్యంతరం వేరే ఉంది. దేరా ఒడ్డున నావల పక్కన ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు నడిచే దారి మీదే గుట్టలుగా పేర్చి ఉంటాయి. అక్కడ బస్తాలు ఎక్కిస్తున్న ఒకతన్ని ఈ సరుకు ఎక్కడికని అడిగితే, "ఇరాన్ పోతది సార్, మనకెందుకు, ఎక్కించుడే మన పని" అన్నాడు. జగిత్యాల దగ్గరి ఊరు అతనిది. ఆ బస్తా యజమాని పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు కావచ్చు, అడిగేవాడు లేడు. అదే మోసేవాడు యజమానిని మార్చాలంటే, ఇటీవల చట్టం కొంత సడలినా, ఎన్ని కాగితాలో. కంపెనీ నుంచి చెప్పకుండా బయటపడితే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతాడు, జరిమానాలు కట్టలేకపోతే ఇక క్షమాభిక్ష కోసం ఎదురుచూడాల్సిందే. వ్యాపారికి పరిచిన చాప కూలివాడి దాకా రాలేదు. దుబాయ్ చరిత్రలో నేను సమర్థించలేని భాగం అదే.

అయినా రేవు పాఠం రేవు పాఠమే. దాన్ని మనం సరిగా చదవడం లేదన్నదే నా ఫిర్యాదు. బందరు అన్న మాట పర్షియా భాషలో రేవు అనే అర్థమిచ్చేదే. లింగే పూర్తి పేరు బందర్ లింగే, మన మచిలీపట్నానికి జనం పెట్టుకున్న పేరు బందరు. గోల్కొండ కాలంలో పర్షియా వ్యాపారి బందర్ అబ్బాస్‌లో ఓడెక్కి మన బందరులో దిగేవాడు, అతని అభిరుచికి తగినట్టు ఇక్కడి కలంకారీ అద్దకం తన పూలతీగలు మార్చుకుంది. ఆ రేవూ పూడింది. 1864 తుపానులో సుమారు ముప్పైవేల మంది ప్రాణాలు పోయాయి. పాలకులు పెట్టుబడిని మద్రాసుకు తరలించారు, బందరు పూడిక అలాగే మిగిలింది. ఇప్పుడు మళ్లీ అక్కడ, రామాయపట్నంలో, మూలపేటలో రేవులు కడుతున్నారు, సంతోషమే. అయితే మన చర్చంతా బెర్తులెన్ని, లోతెంత, భూమి ఎన్ని ఎకరాలన్న దగ్గరే తిరుగుతోంది. షేక్ రషీద్ క్రీక్ తవ్వించేనాటికి ఒడ్డున వ్యాపారులు అరవై ఏళ్లుగా కాచుకుని కూర్చున్నారు, అందుకే బాండ్లు అమ్ముడుపోయాయి. గుంటూరు మిర్చి వ్యాపారి, భీమవరం రొయ్యల ఎగుమతిదారు బందరు రేవు బాండు కొంటారా అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. వారు కొనాలంటే అక్కడి కస్టమ్స్ బల్ల దగ్గర తమ కంటైనర్ ఎన్ని రోజులు ఆగుతుందో వారికి ముందే తెలియాలి.

విచిత్రమేమిటంటే, తన పాఠాన్ని దుబాయే మరిచిపోయే వయసుకు వచ్చినట్టుంది. 2018 జనవరి నుంచి అక్కడ ఐదు శాతం విలువ ఆధారిత పన్ను అమల్లోకి వచ్చింది, మక్తూమ్ బిన్ హషర్ ఎత్తివేసిన సుంకం కూడా సరిగ్గా ఐదు శాతమే. 2023 జూన్ నుంచి కంపెనీల లాభాల మీద తొమ్మిది శాతం పన్ను వచ్చింది. ఫ్రీ జోన్లకు మినహాయింపులున్నాయి గనుక కంగారు పడాల్సిన పని లేదని అక్కడి అధికారులు అంటున్నారు. ఇంతలో పక్కనే సౌదీ అరేబియా మేలుకొంది. ఫ్రీ జోన్లలో తయారైన సరుకుకు సుంకం రాయితీ ఉండదని 2021 జూలైలో తేల్చేసింది, ప్రాంతీయ ప్రధాన కార్యాలయం తమ దేశంలో లేని విదేశీ కంపెనీలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఇవ్వబోమన్న నిబంధనను 2024 జనవరి నుంచి అమలు చేస్తోంది. దుబాయ్‌లో ఉన్న బహుళజాతి సంస్థలు రియాద్‌లో ఒక్కొక్కటే కార్యాలయం తెరుస్తున్నాయి. బోర్డు మాత్రమే అక్కడ, కుటుంబాలు ఇక్కడే అని వాటి అధికారులు చెబుతున్నారు. లింగే నుంచి వచ్చిన వ్యాపారులు కూడా మొదటి కొన్నేళ్లు భార్యాపిల్లల్ని లింగేలోనే ఉంచారు.